లెపర్డ్ గెకో గుడ్డు చేతిలో దొర్లింది, ఇక పనికిరాదా?

ఇసుకగూడు

నమస్కారం. ఈ రోజు తెల్లవారుజామున మా లెపర్డ్ గెకో (మచ్చల పెంపుడు బల్లి) మొదటిసారి గుడ్లు పెట్టింది. దాని వయసు మూడేళ్లు. నెల కిందట తెలిసినవారి మగదానితో వారం రోజులు కలిపి ఉంచి, తర్వాత విడదీశాను. మూడు రాత్రులుగా తిండి ముట్టకుండా తేమ పెట్టెలో కొబ్బరి పొట్టు తవ్వుతూనే ఉంది. రాత్రి రెండు గంటలకు లేచి చూసినప్పుడు ఇంకా తవ్వుతోంది, పొట్టలో గుడ్లు రెండు వైపులా ఉబ్బుగా కనిపిస్తున్నాయి. ఆరు గంటలకు చూస్తే పక్కలు లోపలికి పోయి, చర్మం వదులుగా వేలాడుతోంది. పొట్టును వేళ్లతో తొలగిస్తే అడుగున రెండు గుడ్లు పక్కపక్కనే ఉన్నాయి.

మొదటిదాన్ని ఉన్నది ఉన్నట్టుగా చెంచాతో ఎత్తి డబ్బాలో పెట్టాను. రెండోది అరచేతిలోకి తీసుకుంటుండగా ఒక్క దొర్లు దొర్లింది. ఇప్పుడు దాని పైభాగం ఏదో, కిందిభాగం ఏదో నాకు తెలియదు. బల్లి గుడ్డును తిప్పితే లోపలి పిల్ల చచ్చిపోతుందని చదివాను. అప్పటి నుంచి చేతులు వణుకుతున్నాయి. ఆ గుడ్డు పోయినట్టేనా?

ఇంకొక సంగతి. నా దగ్గర థర్మోకోల్ పెట్టె, హీట్ మ్యాట్, దాని వేడిని అదుపుచేసే థర్మోస్టాట్, ఒక సంచి వర్మిక్యులైట్ (తేమను పట్టి ఉంచే తేలికైన ఖనిజపు పొట్టు) ఉన్నాయి. ఎంత వేడి పెట్టాలి, ఎన్ని నీళ్లు కలపాలి? రెండు మగవి పుడితే విడివిడిగా పెంచడానికి నాకు చోటు లేదు. ఆడవి పుట్టేలా చేయవచ్చంటారు, అది నిజమేనా?

పాతపెట్టె

కంగారు పడకండి. మీరు రాసినదాన్ని బట్టే ఆ గుడ్ల వయసు నాలుగు గంటలకు మించదు. రాత్రి రెండింటికి అవి ఇంకా తల్లి పొట్టలోనే ఉన్నాయి. ఈ ఒక్క వివరం రాసి చాలా మేలు చేశారు.

తిప్పకూడదని ఎందుకంటారో చెబుతాను, అప్పుడు భయం ఎక్కడ పడాలో, ఎక్కడ అక్కరలేదో మీకే తెలుస్తుంది. కోడిగుడ్డులో పచ్చసొనను రెండు వైపులా మెలిపెట్టిన తాడులాంటి తెల్లని పోగులు పట్టుకుని ఉంటాయి. గుడ్డు ఎటు తిరిగినా పచ్చసొన తనంతట తాను తిరిగి, పిండాన్ని పైకి తెచ్చుకుంటుంది. బల్లి గుడ్డులో ఆ పోగులు ఉండవు. పెట్టిన ఒకటి రెండు రోజుల్లో పిండం పైకి చేరి, లోపలి పొరకు అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డును తలకిందులు చేస్తే పచ్చసొన బరువంతా దాని మీద పడుతుంది, అప్పుడే రూపు కడుతున్న నాళాలు తెగిపోతాయి. ప్రమాదం అతుక్కున్న తర్వాతే. మీ గుడ్డు ఇంకా అతుక్కునే దశకు రాలేదు. ఇప్పుడు ఎలా ఉందో అలాగే ఉంచి, పైభాగాన మెత్తని పెన్సిల్‌తో చిన్న గీత పెట్టండి. పెన్ను వద్దు. ఆ పెంకు తోలులాంటిది, సిరా లోపలికి దిగవచ్చు. ఆ గీత ఇక అరవై రోజులూ పైనే ఉండాలి.

నీళ్ల సంగతి. వర్మిక్యులైట్, నీళ్లు సమాన బరువు. వంద గ్రాములకు వంద గ్రాములు. దయచేసి తూకం వేయండి, గిన్నెతో కొలవకండి. వర్మిక్యులైట్ దూదిలా తేలిక, గిన్నెకు గిన్నె నీళ్లు పోస్తే బురద అవుతుంది. కలిపాక పిడికిట పట్టి గట్టిగా నొక్కండి. ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి చుక్క కారకూడదు. మన గోడ బల్లి గుడ్డుకు గట్టి సున్నపు పెంకు ఉంటుంది, అందుకని ఎండు సందులో పెట్టినా బతుకుతుంది. లెపర్డ్ గెకో గుడ్డు అలా కాదు. చుట్టూ ఉన్న తేమను తాగుతూ ఉబ్బుతుంది, మూడు గ్రాముల గుడ్డు చివరికి బాగా బరువెక్కుతుంది. తాగడానికి నీళ్లు దొరకకపోతే సొట్టపడుతుంది, ఎక్కువైతే ఊపిరాడదు.

గుడ్లను సగం వరకు మాత్రమే పాతండి. రెండింటి మధ్య వేలెడు దూరం ఉండాలి. డబ్బా మూతకు సూదితో నాలుగు బొక్కలు చాలు. అన్నీ సర్దాక మూతతో సహా తూకం వేసి, ఆ అంకెను డబ్బా మీద రాసుకోండి. వారానికోసారి మూత తీసి గాలి మార్చండి, మళ్లీ తూకం వేయండి. ఎన్ని గ్రాములు తగ్గిందో అన్ని గ్రాముల గోరువెచ్చని నీళ్లు అంచున పోయండి. గుడ్ల మీద ఒక్క చుక్క కూడా పడకూడదు. మూతకు ఆవిరి పట్టి గుడ్డు మీద కారుతుంటే, డబ్బాను ఒక పక్క కొద్దిగా ఎత్తి ఉంచండి, చుక్క జారి అంచుకు పోతుంది. నేను పదకొండేళ్లుగా ఈ జాతిని పెంచుతున్నాను. తేమ మీటర్ల మీద కన్నా ఈ తూకం మీదే నాకు నమ్మకం.

ఇక ఆడా మగా. నిజమే. లెపర్డ్ గెకోలకు లింగాన్ని తేల్చే క్రోమోజోములు లేవు, పొదిగే వేడే తేలుస్తుంది. 26 డిగ్రీల దగ్గర దాదాపు అన్నీ ఆడవే. 30 దగ్గర కలగలుపు, అందులోనూ ఆడవే ఎక్కువ. 32.5 దగ్గర నాలుగింట మూడొంతులు మగవి. 34 దాటేసరికి మళ్లీ ఆడవి పుడతాయి, కానీ అంత వేడిలో పుట్టిన ఆడవాటికి దూకుడు ఎక్కువ, పెద్దయ్యాక గుడ్లు పెట్టడంలోనూ వెనకబడతాయి. ఆడవి కావాలని అటువైపు వెళ్లకండి. వేడిని బట్టి బల్లి లింగం మారుతుందని మొదట కనిపెట్టింది మడలీన్ షార్నియే. 1966లో అగామా బల్లి గుడ్ల మీద ఆమె చేసిన పని అది. అప్పట్లో ఎక్కువమంది పట్టించుకోలేదు. ఈ రోజు మనం థర్మోస్టాట్ తిప్పేటప్పుడు ఆధారపడుతున్నది ఆ పరిశీలన మీదే.

మీరు 27 దగ్గర పెట్టండి. పొదుగు కాలం మొదటి సగంలోనే లింగం తేలిపోతుంది కాబట్టి ఆ రోజుల్లో వేడి నిలకడగా ఉండాలి. 32 దగ్గర నలభై రోజులకు అటూ ఇటూగా పగిలే గుడ్డు, 27 దగ్గర రెండు నెలలు తీసుకుంటుంది. ఓపిక పట్టాలి.

తల్లిని మాత్రం మరిచిపోకండి. ఈ రెండు పెంకులకూ, లోపలి పిల్లల ఎముకలకూ కావలసిన కాల్షియం దాని ఒంట్లోంచే పోయింది. కాల్షియం పొడి ఎప్పుడూ చిన్న మూతలో అందుబాటులో ఉండాలి. పురుగులకు కూడా అద్ది పెట్టండి. తోక సన్నబడుతోందేమో చూస్తుండండి.

కోళ్లగంప

నేను కోళ్లు పెంచుతాను, ఈ జీవుల గురించి తెలియదు. నా దగ్గర ఖాళీగా ఉన్న ఇంక్యుబేటర్ 37.5 డిగ్రీల దగ్గర చక్కగా నిలబడుతుంది, గుడ్లను దానంతటదే తిప్పుతుంది. అలాంటిది వాడితే ఈ తిప్పలన్నీ ఉండవు కదా?

పాతపెట్టె

మీరు మంచి మనసుతో చెప్పారు, కానీ ఈ మాట ఇక్కడ చదివిన ఎవరైనా నమ్మితే గుడ్లు పోతాయి, అందుకే గట్టిగా చెబుతున్నాను. ఆ యంత్రంలో కోడిపిల్లను బతికించేవి రెండు, ఆ వేడి, ఆ తిప్పడం. రెండూ బల్లి పిల్లను చంపేవే. తిప్పే తట్టె తీసేసి, 27 దగ్గర నిలబడేలా మార్చగలిగితేనే ఆ యంత్రం పనికొస్తుంది. చాలా కోడిగుడ్ల యంత్రాలు అంత కిందికి దిగవు.

కోళ్లగంప

అర్థమైంది. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇసుకగూడు గారూ, తిప్పకండి.

ముళ్లగడ్డం

నేను పెంచేవి బియర్డెడ్ డ్రాగన్లు అనే బల్లులు. మాకు ఒక్కో కాన్పుకు రెండు గుడ్లు కాదు, ఇరవై పైనే. నేను చెప్పేది థర్మోస్టాట్ ప్రోబ్ గురించి ఒక్కటే, అంటే వేడిని కొలిచే తీగ కొన. దాని వల్ల నేను ఇరవై రెండు గుడ్లు పోగొట్టుకున్నాను.

పెట్టె సరిగ్గానే కట్టాను, 29 డిగ్రీలు నిలబడింది. ప్రోబ్‌ను మాత్రం మూత సందులోంచి లోపలికి వదిలేశాను, దేనికీ అంటించలేదు. పద్దెనిమిదో రోజు మూత తీసి మూసినప్పుడు తీగ లాగినట్టయి ప్రోబ్ బయటకు జారింది. నేను గమనించలేదు. బయట గది చల్లగా ఉంది. లోపల చలిగా ఉందనుకుని థర్మోస్టాట్ రాత్రంతా మ్యాట్‌ను ఆపలేదు. తెల్లవారి చూస్తే లోపల 39. గుడ్లు పైకి ఏమీ కనిపించలేదు, తెల్లగా నిండుగానే ఉన్నాయి. వారం తర్వాత ఒక్కొక్కటిగా పసుపు తిరిగి కుంగిపోయాయి. నాళాలు కనిపించిన గుడ్లు అవన్నీ. వాటిని తీసి పాతిపెట్టిన రోజు ఇప్పటికీ నాకు గుర్తే.

అప్పటి నుంచి నేను చేసేది ఇది. ప్రోబ్ గుడ్ల ఎత్తులో, డబ్బా పక్కగోడకు టేపుతో రెండు చోట్ల అంటిస్తాను. దానితో సంబంధం లేని వేరే థర్మామీటర్ ఒకటి గుడ్ల పక్కనే ఉంటుంది. అత్యధికం, అత్యల్పం గుర్తుపెట్టుకునే రకమైతే మంచిది, రాత్రి ఏం జరిగిందో పొద్దున చెబుతుంది. హీట్ మ్యాట్ అడుగున కాకుండా పక్కగోడకు ఉండాలి, అడుగున పెడితే వర్మిక్యులైట్ కిందినుంచి ఎండుతుంది. ఖాళీ చోటంతా నీళ్ల సీసాలతో నింపండి. కరెంటు పోయినా ఆ నీళ్లు గంటల తరబడి వేడిని పట్టి ఉంచుతాయి. కొన్ని గంటలు నాలుగైదు డిగ్రీలు తగ్గితే పిండం ఎదుగుదల నెమ్మదిస్తుంది, అంతే. అదే నా పెట్టెలోలా పది డిగ్రీలు పైకి పోతే చచ్చిపోతుంది. చల్లదనానికి కాదు, వేడికి భయపడండి.

గుడ్లు రాకముందే పెట్టెను మూడు రోజులు ఖాళీగా నడిపి చూడాలి. మీకు ఇప్పుడు ఆ వీలు లేదు కాబట్టి, పెట్టె నిలకడకు వచ్చేవరకు గుడ్ల డబ్బాను గదిలోనే నీడన ఉంచండి. గది 24, 25 ఉన్నా ఒక రోజుకు ఏమీ కాదు.

ఇసుకగూడు

అందరికీ కృతజ్ఞతలు. డబ్బాను ఒక రోజంతా అలమరలో ఉంచి, పెట్టె 27 దగ్గర నిలబడ్డాకే లోపల పెట్టాను. తూకం 412 గ్రాములు. ప్రోబ్‌ను రెండు చోట్ల అంటించాను, మూడోసారి కూడా లాగి చూశాను.

ఇసుకగూడు

తొమ్మిదో రోజు. గది చీకటి చేసి, గుడ్లను కదపకుండా చిన్న టార్చి పక్కనుంచి ఆనించి చూశాను. ఒక గుడ్డు గులాబీ రంగులో వెలిగింది, లోపల ఎర్రని దారాలు అల్లుకున్నట్టు నాళాలు స్పష్టంగా ఉన్నాయి. ఒక నిమిషం అలాగే చూస్తూ ఉండిపోయాను. దొర్లిన గుడ్డు ఇదే. పెన్సిల్ గీత దాని మీద ఉంది.

రెండోది, నేను చెంచాతో అంత జాగ్రత్తగా ఎత్తినది, మొత్తం పసుపుగా వెలిగింది. నాళం ఒక్కటీ లేదు. ఒక పక్క సొట్ట కూడా పడింది. నీళ్లు తక్కువయ్యాయా? తూకం రెండు గ్రాములే తగ్గింది. పారేయమంటారా?

పాతపెట్టె

దొర్లిన గుడ్డు నిలబడినందుకు చాలా సంతోషం. రెండోదాని గురించి మీరు చేసిన తప్పేమీ లేదు. ఒకే డబ్బాలో, ఒకే తేమలో ఒకటి నిండుగా ఉండి ఒకటే సొట్టపడితే లోపం నీళ్లది కాదు, గుడ్డుది. మొదటి కాన్పులో పిండం కట్టని గుడ్డు రావడం మామూలే.

అయినా పారేయకండి. తొమ్మిదో రోజున కనిపించక, పదిహేనో రోజున నాళాలు కనిపించిన గుడ్లు నా దగ్గర రెండు ఉన్నాయి. బూజు పట్టి, మెత్తబడి, వాసన వచ్చేవరకు ఉండనివ్వండి. బతికున్న గుడ్డు పక్కనున్న బూజుకు సాధారణంగా లొంగదు. రెండింటికీ మధ్య దూరం పెట్టమన్నది ఇందుకే. మరొక మాట, టార్చితో రోజూ చూడకండి. చూడాలనిపిస్తుంది, తెలుసు. టార్చి వేడిని కూడా గుడ్డు భరించాలి కదా. రెండు వారాలకోసారి చాలు.

ఇసుకగూడు

ఇరవై నాలుగో రోజు. మా తల్లి గెకో మళ్లీ రెండు గుడ్లు పెట్టింది! మగదానితో మళ్లీ కలపలేదు. ఇవి పిండం లేనివేనా?

పాతపెట్టె

అలా అనుకోకండి. ఆడది మగదాని వీర్యాన్ని లోపల దాచుకుంటుంది. ఒక్కసారి కలిసిన తర్వాత ఆ కాలమంతా మూడు నాలుగు వారాలకోసారి ఒక జత చొప్పున పెడుతూ పోవచ్చు, వాటిలో పిండం ఉండవచ్చు. ఇవీ పొదగండి, వేరే డబ్బాలో, వేరే తేదీ రాసి. తల్లి బరువెంత?

ఇసుకగూడు

గుడ్లకు ముందు 68 గ్రాములు, ఇప్పుడు 57. తోక కొంచెం సన్నబడింది. తింటోంది.

పాతపెట్టె

తింటోంది కాబట్టి భయం లేదు. అయితే ఈ ఏడాది మగదాని దగ్గరికి మళ్లీ పంపకండి. దోసిలిలో ఎత్తినప్పుడు దవడ మెత్తగా అనిపించినా, కాళ్లు వణికినా ఆ రోజే సరీసృపాలు చూసే పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్లాలి, అది కాల్షియం లోపం. గుడ్లు ఎన్ని పోయినా మళ్లీ వస్తాయి.

ఇసుకగూడు

ముప్పై ఒకటో రోజు. సొట్టపడిన గుడ్డుకు పచ్చని బూజు పట్టింది, తీసేశాను. విప్పి చూశాను. చిక్కని పసుపు ద్రవం తప్ప ఏమీ లేదు. మంచి గుడ్డు మొదట్లో ఉన్నదానికి ఇప్పుడు బాగా లావైంది. వెలుగులో చూస్తే లోపల నల్లని నీడ, అది ఒకసారి కదిలింది.

ఇసుకగూడు

యాభై ఎనిమిదో రోజు. సహాయం చేయండి. నిన్నటివరకు బిగువుగా ఉన్న గుడ్డు ఈ రోజు పైన కుంగింది, పెంకు మీద చెమటలా నీటి బొట్లు ఉన్నాయి. తూకం సరిగ్గానే ఉంది. నీళ్లు పోయనా? బ్లేడుతో చిన్న గాటు పెట్టి చూడనా?

పాతపెట్టె

బ్లేడు దూరంగా పెట్టండి. నీళ్లు కూడా పోయకండి. తొమ్మిదో రోజు సొట్ట వేరు, యాభై ఎనిమిదో రోజు సొట్ట వేరు. ఇది పిల్ల బయటకు రావడానికి సిద్ధపడుతున్న గుర్తు. రెండు మూడు రోజుల్లో మూతి చివరనున్న రెండు చిన్న పళ్లతో పెంకును లోపలినుంచి చీరుతుంది. ఆ పళ్లు తర్వాత రాలిపోతాయి.

అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది, మీకు. తల బయటపెట్టి గంటల తరబడి కదలకుండా ఉంటుంది. చచ్చిపోయిందేమో అనిపిస్తుంది. లాగకండి. మిగిలిన పచ్చసొనను పొట్టలోకి పీల్చుకుంటూ ఉంటుంది అప్పుడు, రక్తనాళాలు ఇంకా పెంకుకు అంటి ఉంటాయి. చేయి పెడితే రక్తం కారుతుంది. మొదటి ఏడాది నేను తొందరపడి ఒకదాన్ని లాగాను. పొట్ట కింద పచ్చసొన సంచి వేలాడుతూ వచ్చింది, మర్నాటికి బతకలేదు. చీలిక పడిన దగ్గర్నుంచి ఒక రోజు పూర్తిగా దాని మానాన దాన్ని వదిలేయండి.

ముళ్లగడ్డం

తడిపిన పేపర్ టవల్ పరిచిన చిన్న డబ్బా ఇప్పుడే సిద్ధం చేసుకోండి. ఇసుక, కొబ్బరి పొట్టు వద్దు, పచ్చి బొడ్డుకు అంటుకుంటాయి. దాక్కోవడానికి ఒక గూడు పెట్టండి. మొదటి రోజుల్లో తిండి పెట్టనవసరం లేదు, పచ్చసొన ఉంది. మొదటి కుబుసం విడిచాక ఆకలి పుడుతుంది.

ఇసుకగూడు

అరవై ఒకటో రోజు. నిన్న రాత్రి పదింటికి గుడ్డు పైన వెంట్రుకంత చీలిక కనిపించింది. పెన్సిల్ గీతకు పక్కనే. పన్నెండింటికి మూతి బయటకు వచ్చింది, ఒక కన్ను తెరిచి ఉంది. నేను డబ్బా ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. రెండింటి నుంచి నాలుగింటి వరకు ఏ కదలికా లేదు. పాతపెట్టె గారు రాసింది నాలుగుసార్లు చదివి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అయిదున్నరకు గొంతు దగ్గర చర్మం ఆడటం కనిపించింది. ఏడింటికి ఒక్క ఉదుటున బయటకు వచ్చి, పెంకు పక్కనే పడుకుంది.

బరువు 3 గ్రాములు. ఒంటి మీద మచ్చలు లేవు, పసుపు నలుపు అడ్డపట్టీలే. తెల్లని తోక చివర. పొట్ట మూసుకుంది, రక్తం లేదు. కొత్త డబ్బాలోకి తీసుకుంటుంటే నోరు తెరిచి చిన్న అరుపు అరిచింది. ఆడదో మగదో తెలియడానికి ఇంకా నెలలు పడుతుందని తెలుసు, ఏదైనా సరే చోటు చేస్తాను.

పాతపెట్టె

ఆ అరుపు మంచి గుర్తు. పట్టీలు పెద్దయ్యేకొద్దీ విడిపోయి చుక్కలవుతాయి, నెలకోసారి ఫోటో తీసి ఉంచుకోండి. కుబుసం విడిచి అదే తినేస్తుంది, కనపడలేదని వెతకకండి.

ఇసుకగూడు

నాలుగో రోజు కుబుసం విడిచింది, తినేసింది. అయిదో రోజు తల వెడల్పులో సగం ఉన్న కీచురాయిని ఇస్తే తోక ఊపి ఊపి పట్టుకుంది. రెండో జత గుడ్లు ఇప్పుడు నలభై రెండో రోజులో ఉన్నాయి. రెండింటిలోనూ నాళాలు ఉన్నాయి. ఈసారి పొట్టు తొలగించగానే, ఇంకా కదపకముందే రెండింటి మీదా గీత పెట్టాను.